పంక్తి ముగిసినా వాక్యం ముగియదు

ప్రక్రియ : వ్యాసం

ప్రవేశిక

వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించడం భాషాధ్యయనంలో తొలి మెట్టు. పంక్తి అనేది కాగితం వెడల్పును బట్టి ఏర్పడుతుంది. వాక్యం అర్థాన్ని బట్టి ఏర్పడుతుంది. ఈ రెండింటి మధ్య గల భేదం తెలుగు కవులకు వేయి సంవత్సరాల క్రితమే తెలుసు. కంప్యూటర్ ప్రోగ్రాములను రచించేవారికి కూడా ఇదే ప్రశ్న ఎదురయింది. డేటాబేస్‌ల వేగాన్ని కొలిచే 'పీజీబెంచ్' అనే సాధనంలో 2016లో వచ్చిన ఒక మార్పును ఆధారంగా చేసుకొని, ఆ ప్రశ్నను, దానికి లభించిన సమాధానాన్ని, ఆ సమాధానం వల్ల కలిగిన బాధ్యతను ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

విజయవాడ నుండి గూడూరు వైపు సాగే రైలుమార్గంలో బాపట్లకూ చీరాలకూ నడుమ స్టూవర్టుపురం స్టేషన్ వస్తుంది. ఆ ఊరి నుండి ప్రతిదినం బాపట్ల కళాశాలకు వచ్చే ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజున ఆమె తన హాల్‌టికెట్ సంఖ్యను ఫోనులో నింపి మీట నొక్కుతుంది. సరిగ్గా అదే నిమిషంలో తెనాలిలో, రేపల్లెలో, రాష్ట్రమంతటా ఎందరో విద్యార్థులు అదే పని చేస్తుంటారు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ నిరీక్షణ ఎంత భారమైనదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ సంఖ్య చేరవలసిన చోట ఒక డేటాబేస్ ఉంటుంది. డేటాబేస్ అనగా సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, అడిగినవారికి అడిగిన అంశాన్ని వెదకి ఇచ్చే వ్యవస్థ. ఒక్కరు అడిగినప్పుడు క్షణంలో బదులిచ్చే వ్యవస్థ, వేలమంది ఒక్కసారిగా అడిగినప్పుడు తడబడవచ్చు. తడబడుతుందో లేదో ఆ రోజు వచ్చేదాకా వేచి చూడడం వివేకం కాదు. వంతెన మీదికి ప్రజలను అనుమతించక మునుపే బరువులు ఉంచి పరీక్షించినట్లు, డేటాబేస్‌ను కూడా ముందుగానే పరీక్షించాలి. ఆ పరీక్షకు వాడే ప్రోగ్రాములను 'బెంచ్‌మార్క్' సాధనాలు అంటారు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనేది ప్రపంచమంతటా ఎందరో ఉచితంగా వాడుకొంటున్న డేటాబేస్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన మొదలైన పరిశోధన దానికి మూలం. 1996లో దానికి నేటి పేరు వచ్చింది. దానితో పాటు లభించే కొలత సాధనమే పీజీబెంచ్. దీనిని మొదట రచించినవారు జపాన్‌కు చెందిన తత్సువో ఇషీ.

పీజీబెంచ్ చేసే పని తేలికగా అర్థమవుతుంది. అది తానే అనేకమంది వాడుకరులుగా నటిస్తుంది. పది మంది వలెనో, వంద మంది వలెనో డేటాబేస్‌తో సంబంధం ఏర్పరచుకొని, ఇచ్చిన ఆదేశాల వరుసను మళ్ళీ మళ్ళీ పంపుతుంది. చివరకు సెకనుకు ఎన్ని లావాదేవీలు పూర్తి అయ్యాయో, ఒక్కొక్క లావాదేవీకి సగటున ఎంత సమయం పట్టిందో లెక్క చెబుతుంది.

ఆదేశాల వరుస మనం ఇవ్వకపోతే అది తన సొంత నమూనాను వాడుకొంటుంది. ఆ నమూనా ఒక బ్యాంకు వ్యవహారం. దీనికి మాతృక 1990లో వెలువడిన 'టీపీసీ-బీ' అనే కొలమానం. స్టూవర్టుపురం నివాసి ఒకరు బాపట్ల శాఖలో 500 రూపాయలు జమ చేశారని అనుకుందాం. మొదట ఆయన ఖాతా నిల్వకు 500 కలపాలి. తరువాత ఆ నిల్వను చదివి చూపాలి. డబ్బు తీసుకొన్న గుమాస్తా లెక్కలో 500 కలపాలి. శాఖ మొత్తంలో కూడా 500 కలపాలి. చివరకు ఈ వ్యవహారాన్ని చరిత్ర పట్టికలో ఒక వరుసగా నమోదు చేయాలి. ఈ ఐదు ఆదేశాలకు 'ప్రారంభం', 'సమాప్తి' అనే రెండు ఆదేశాలు చేర్చగా ఏడు అవుతాయి. ఈ ఏడూ కలిసి ఒక లావాదేవీ.

అయితే అందరి అవసరాలూ బ్యాంకు అవసరాలు కావు. ఫలితాల డేటాబేస్‌ను పరీక్షించదలచినవారు తమ పనికి తగిన ఆదేశాలను తామే ఒక ఫైలులో వ్రాసి ఇవ్వవచ్చు. ఆ ఫైలునే స్క్రిప్టు అంటారు. మన చర్చ అంతా ఈ స్క్రిప్టును గురించే.

పాత నియమం

2016 వరకు పీజీబెంచ్ స్క్రిప్టుకు ఒక నియమం ఉండేది. ఒక పంక్తికి ఒక ఆదేశం. పంక్తి ముగిస్తే ఆదేశం ముగిసినట్లే. ప్రోగ్రాముకు ఇది సులువైన పద్ధతి. ఒక పంక్తిని చదువు, దానిని పంపు, తరువాతి పంక్తికి వెళ్ళు. ఆలోచించవలసిన పని లేదు.

చిన్న ఆదేశాలకు ఈ పద్ధతి చాలును. కాని ఆదేశాలన్నీ చిన్నవి కావు. నిజమైన ఆదేశాలు ఎస్‌క్యూఎల్ అనే భాషలో, ఇంగ్లీషు మాటలతో ఉంటాయి. వాటి భావాన్ని ఇక్కడ తెలుగులో వ్రాసి చూద్దాం.

   తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖలలో
   నిల్వ పదివేలకు మించిన ఖాతాలను ఏరి,
   శాఖల వారీగా లెక్కించి,
   పెద్ద సంఖ్య మొదలుగా వరుసలో చూపు;

చదివేవారికి ఇది నాలుగు పంక్తులలో ఉన్న ఒకే ఆదేశమని స్పష్టంగా తెలుస్తుంది. పాత పీజీబెంచ్‌కు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు ఆదేశాలు. 'తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖలలో' అన్న మొదటి పంక్తిని పట్టుకొని అదే పూర్తి ఆదేశమనుకొని పంపుతుంది. శాఖలలో ఏమి చేయాలో తెలియక డేటాబేస్ 'వాక్యదోషం' అని బదులిస్తుంది. కాబట్టి స్క్రిప్టు వ్రాసేవారు ఎంత పొడవైన ఆదేశాన్నయినా విరవకుండా ఒకే పంక్తిలో కుదించవలసి వచ్చేది. అటువంటి పంక్తి తెర అంచును దాటి కుడివైపుకు సాగిపోయేది.

ఇది కేవలం కంటికి కలిగే అసౌకర్యం కాదు. పొడవైన పంక్తిలో తప్పు దాగి ఉంటుంది. చదవడానికి వీలులేని స్క్రిప్టును మరొకరు సరిచూడలేరు. సరిచూడని స్క్రిప్టు ఇచ్చిన అంకెను నమ్మడం ఎట్లా? ఏ యంత్రం కొనాలి, ఎంతమందికి సేవ అందించగలం అనే నిర్ణయాలు ఆ అంకె మీదనే ఆధారపడతాయి.

తెలుగు వాక్యం చెప్పే మాట

ఇక్కడ మన భాషను ఒకసారి తలచుకొందాం. తాళపత్ర గ్రంథాలను చూచినవారికి ఒక విషయం తెలుస్తుంది. వాటిలో పంక్తి ఆకు అంచు దాకా సాగుతుంది. అంచు వచ్చినప్పుడు మాట మధ్యలో ఉన్నా సరే లేఖకుడు క్రింది పంక్తికి దిగుతాడు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ కూడా ఉండదు. పంక్తి అంచు అర్థానికి హద్దు కాదని లేఖకుడికీ తెలుసు, పాఠకుడికీ తెలుసు.

పద్యంలో ఈ స్వేచ్ఛ మరింత స్పష్టంగా కనబడుతుంది. సంస్కృత వృత్తాలలో పాదం చివర పదం కూడా ముగియాలి. తెలుగు పద్యంలో ఆ నిర్బంధం లేదు. నన్నయ మొదలుగా మన కవులు ఒక పాదంలో మొదలైన పదాన్ని తరువాతి పాదంలో ముగించడం సర్వసాధారణం. గణాల లెక్క పాదాన్ని ముగిస్తుంది. అన్వయం వాక్యాన్ని ముగిస్తుంది. పద్యానికి ప్రతిపదార్థం వ్రాసేటప్పుడు మీరు పాదాల హద్దులను దాటి అన్వయం కుదుర్చుకోవడం ఇందుకోసమే.

మరి తెలుగులో వాక్యం ముగిసిందని మనకు ఎట్లా తెలుస్తుంది? సమాపక క్రియ వల్ల తెలుస్తుంది. 'ఆమె ఉదయమే లేచి, రైలెక్కి, బాపట్ల చేరి' అన్నంత వరకు శ్రోత ఎదురుచూస్తూనే ఉంటాడు. లేచి, ఎక్కి, చేరి అనేవి అసమాపక క్రియలు. 'చెప్పవలసినది ఇంకా ఉన్నది, ఆగు' అని అవి సూచిస్తాయి. 'కళాశాలకు వెళ్ళింది' అన్నప్పుడు గాని వాక్యం పూర్తి కాదు. ఈ వాక్యాన్ని ఒక పంక్తిలో వ్రాసినా, నాలుగు పంక్తులలో వ్రాసినా అర్థంలో భేదం లేదు. పైన చూచిన ఆదేశంలో కూడా 'ఏరి', 'లెక్కించి' అనేవి అసమాపకాలే. 'చూపు' అనేది సమాపకం.

2016లో వచ్చిన మార్పు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.6 వెర్షన్ 2016 సెప్టెంబరు 29న విడుదలయింది. క్యోటారో హోరిగుచి, టామ్ లేన్ చేసిన కృషి ఫలితంగా ఈ వెర్షన్‌లో పాత నియమం మారింది. ఆదేశం ముగిసిందని ఇకమీదట పంక్తి అంచు చెప్పదు, సెమికోలన్ చెబుతుంది. సెమికోలన్ వచ్చేదాకా ఎన్ని పంక్తులున్నా అవన్నీ ఒకే ఆదేశం. మన మాటల్లో చెప్పాలంటే, సెమికోలన్ ఆ భాషకు సమాపక క్రియ వంటిది.

సెమికోలన్‌ను వెదకడం మాత్రమే అయితే ఈ పని చాలా తేలిక. కాని సెమికోలన్ ఎక్కడ కనబడినా ఆదేశం ముగిసినట్లు కాదు. ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న పాఠంలో సెమికోలన్ ఉంటే అది అక్షరమే గాని ముగింపు కాదు. 'రండి; కూర్చోండి' అనే మాటను చిరునామా పట్టికలో దాచమని ఆదేశించినప్పుడు, 'రండి' దగ్గర ఆదేశాన్ని తెంచితే అనర్థం. వ్యాఖ్యగా వ్రాసుకొన్న మాటల్లోని సెమికోలన్ కూడా ముగింపు కాదు. అందువల్ల ప్రోగ్రాము ఒక్కొక్క అక్షరాన్నీ దాని సందర్భంతో పాటు చదవాలి. తాను ఉల్లేఖనం లోపల ఉన్నదా, వ్యాఖ్య లోపల ఉన్నదా, ఆదేశంలోనే ఉన్నదా అని ఎల్లప్పుడూ గుర్తుంచుకోవాలి. ఈ పని చేసే భాగాన్ని 'లెక్సర్' అంటారు. దీనిని పదవిభాజకం అనవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో మనుషులు నేరుగా సంభాషించడానికి 'పీఎస్‌క్యూఎల్' అనే మరొక సాధనం ఉన్నది. దానిలో ఇటువంటి పదవిభాజకం అప్పటికే ఉన్నది. పీజీబెంచ్‌కు కొత్తది తయారుచేయకుండా, దానినే రెండు సాధనాలూ పంచుకొనేటట్లు చేశారు. ఒకే భాషకు రెండు వ్యాకరణాలు ఉంటే వాడేవారికి కలిగే గందరగోళం దీనివల్ల తప్పింది.

కొలత మీద ప్రభావం

ముగింపు నియమం మారితే వ్రాత పద్ధతి మాత్రమే మారుతుందని అనుకోరాదు. కొలతే మారవచ్చు. దీనిని జాగ్రత్తగా గమనించండి.

పాత పద్ధతిలో కొందరు రెండు చిన్న ఆదేశాలను నడుమ సెమికోలన్ ఉంచి ఒకే పంక్తిలో వ్రాసేవారు. పంక్తి ఒకటే కనుక పీజీబెంచ్ ఆ రెండింటినీ ఒకే సందేశంగా డేటాబేస్‌కు పంపేది. కొత్త పద్ధతిలో సెమికోలన్ దగ్గర ఆదేశం ముగుస్తుంది. కనుక మొదటి ఆదేశాన్ని పంపి, బదులు వచ్చిన తరువాతనే రెండవదానిని పంపుతుంది. ఒక రాకపోకకు అర మిల్లీసెకను పడుతుందనీ, డేటాబేస్ లోపలి పనికి పట్టే కాలం లెక్కకు రానంత స్వల్పమనీ అనుకుందాం. ఒక్క వాడుకరి ఉన్నప్పుడు పాత పద్ధతిలో లావాదేవీకి అర మిల్లీసెకను. సెకనుకు 2000 లావాదేవీలు. కొత్త పద్ధతిలో లావాదేవీకి ఒక మిల్లీసెకను. సెకనుకు 1000 మాత్రమే. స్క్రిప్టులో ఒక్క అక్షరం మారలేదు. డేటాబేస్ నెమ్మదించలేదు. వాక్యం ఎక్కడ ముగుస్తుందనే నియమం మారినందువల్లనే అంకె సగమయింది. కారణం తెలియనివారు కొత్త డేటాబేస్ మంచిది కాదని నిర్ణయించుకొనే ప్రమాదం ఉన్నది. ఆ రెండింటినీ కలిపే పంపదలచినవారు సెమికోలన్‌కు ముందు ఒక బ్యాక్‌స్లాష్ ఉంచవలసి ఉంటుంది. అప్పుడు ఆ సెమికోలన్ ఆదేశాలను వేరుచేస్తుంది గాని, సందేశాన్ని తెంచదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. పాత నియమాన్ని నమ్మి, పంక్తి చివర సెమికోలన్ లేకుండా వ్రాసిన స్క్రిప్టులు ఎన్నో ఉండేవి. అవి వ్రాసిన నాటికి తప్పు కావు. కొత్త సాధనం వాటిని చదివితే రెండు పంక్తులూ కలిసిపోయి ఒకే ఆదేశమై, వాక్యదోషం ఏర్పడుతుంది. మార్పు చేసినవారు ఈ సంగతిని దాచలేదు. విడుదల పత్రంలో హెచ్చరించారు, పరిష్కారమూ చెప్పారు. ప్రతి ఆదేశాన్నీ ఒకే పంక్తిలో వ్రాసి చివర సెమికోలన్ ఉంచితే, ఆ స్క్రిప్టు పాత సాధనంలోనూ కొత్త సాధనంలోనూ నడుస్తుంది.

నియమాన్ని మెరుగుపరచడం ఎంత అవసరమో, పాత నియమం ప్రకారం వ్రాసినవారికి దారి చూపడం అంతే అవసరం. లిపిలో, వర్ణక్రమంలో, కొలమానాలలో సంస్కరణలు తలపెట్టేవారందరికీ ఇది వర్తిస్తుంది.

పంక్తి చివరి సంకేతం

పీజీబెంచ్ స్క్రిప్టులో రెండు రకాల ఆదేశాలు ఉంటాయి. డేటాబేస్‌కు పంపేవి కొన్ని. పీజీబెంచ్ తనకోసం ఉంచుకొనేవి కొన్ని. 'ఒకటి నుండి లక్ష వరకు గల సంఖ్యలలో ఒకదానిని యాదృచ్ఛికంగా ఎన్నుకో' అనేటటువంటివి ఈ రెండవ రకానికి చెందుతాయి. ఇవి బ్యాక్‌స్లాష్‌తో మొదలవుతాయి. వీటికి సెమికోలన్ ముగింపు లేదు. పంక్తి చివరే వీటికి ముగింపు. 2016 మార్పు తరువాత కూడా వీటి విషయంలో పాత నియమమే నిలిచింది.

అయితే ఇందులో వ్రాసే గణిత సూత్రాలు క్రమంగా పొడవయ్యాయి. 2017 అక్టోబరులో విడుదలైన పదవ వెర్షన్‌లో ఫాబియన్ కోయెల్హో దీనికి ఉపాయం చేర్చారు. పంక్తి చిట్టచివర బ్యాక్‌స్లాష్ ఉంచి క్రింది పంక్తికి దిగితే, ఆదేశం ఇంకా ముగియలేదని పీజీబెంచ్ గ్రహిస్తుంది. ఇది మన అసమాపక క్రియ చేసే పనియే. 'చెప్పవలసినది ఇంకా ఉన్నది, ఆగు' అని చెప్పడమే దాని ప్రయోజనం.

ఈ విధంగా ఒకే సాధనంలో రెండు పద్ధతులు నిలిచాయి. ఒకదానిలో ముగింపును చెప్పాలి, చెప్పకపోతే కొనసాగుతున్నట్లు. రెండవదానిలో కొనసాగింపును చెప్పాలి, చెప్పకపోతే ముగిసినట్లు. ఏ పద్ధతి అయినా పనికివస్తుంది. ఏది అమలులో ఉన్నదో వ్రాసేవారికీ చదివేవారికీ ఒకే విధంగా తెలిసి ఉండడం ముఖ్యం.

స్టూవర్టుపురం విద్యార్థిని ఫోనులో చక్రం తిరగడం ఆగి ఫలితం కనబడాలంటే, ఎవరో ఎక్కడో ముందుగానే ఇటువంటి స్క్రిప్టును వ్రాసి, పరీక్షించి, వచ్చిన అంకెను సరిగా అర్థం చేసుకొని ఉండాలి. ఆ పనిలో గణితం ఎంత ఉన్నదో భాషాజ్ఞానమూ అంత ఉన్నది. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియనివారు దానిని కొలవలేరు.

కఠిన పదాలు – అర్థాలు

నిరీక్షణ = ఎదురుచూపు
మాతృక = మూలం, ఆధారమైన నమూనా
కొలమానం = కొలతకు ప్రమాణం
లావాదేవీ = ఇచ్చిపుచ్చుకొనే వ్యవహారం
అన్వయం = పదాల పరస్పర సంబంధం
నిర్బంధం = తప్పనిసరి నియమం
ఉల్లేఖన చిహ్నాలు = ఒకరి మాటను యథాతథంగా చూపే గుర్తులు
యాదృచ్ఛికంగా = ముందుగా నిర్ణయించకుండా, అనుకోకుండా

అభ్యాసాలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. పీజీబెంచ్ స్క్రిప్టులో ఆదేశం ముగింపును గుర్తించే నియమం ఎందుకు మారింది? ఆ మార్పు వల్ల కలిగిన లాభాలను, చిక్కులను వివరించండి.
2. తెలుగు పద్యరచనకూ బహుపంక్తుల ఆదేశానికీ గల పోలికను పాఠం ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. సెమికోలన్ కనబడిన ప్రతిచోటా ఆదేశం ఎందుకు ముగియదు?
2. స్క్రిప్టు మారకపోయినా కొలతలో అంకె సగమయ్యే సందర్భాన్ని వివరించండి.
3. పాత, కొత్త సాధనాలు రెండింటిలోనూ నడిచే స్క్రిప్టును ఎట్లా వ్రాయాలి?

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. పీజీబెంచ్‌ను మొదట రచించినవారు ఎవరు?
2. పంక్తి చివరి బ్యాక్‌స్లాష్ ఏమి సూచిస్తుంది?
3. పీజీబెంచ్ సొంత నమూనాలోని లావాదేవీలో ఎన్ని ఆదేశాలు ఉంటాయి?

IV. భాషాంశాలు

సంధులు
1. వాక్యాంతం = వాక్య + అంతం – సవర్ణదీర్ఘ సంధి
2. రాష్ట్రమంతటా = రాష్ట్రము + అంతటా – ఉత్వ సంధి
3. ఒక్కొక్క = ఒక్క + ఒక్క – ఆమ్రేడిత సంధి

సమాసాలు
1. కొలత సాధనం – కొలత కొరకు సాధనం – చతుర్థీ తత్పురుష సమాసం
2. రాకపోకలు – రాకయును, పోకయును – ద్వంద్వ సమాసం
3. పాత నియమం – పాతదైన నియమం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

V. మీ దినచర్యలో ఒక సంఘటనను మూడు అసమాపక క్రియలు, ఒక సమాపక క్రియ వచ్చే విధంగా ఒకే వాక్యంలో వ్రాయండి. అదే వాక్యాన్ని నాలుగు పంక్తులుగా విడదీసి వ్రాసి, ఏ పంక్తి చివర వాక్యం ముగిసిందో, ఎట్లా గుర్తించారో తెలపండి.